మా స్టేషన్‌కి వెండి రంగు

ఆ రోజుల్లో మా ఉత్తరాంధ్రలో ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడని కబురందితే ఫైళ్ళకంటే ముందు రంగుల డబ్బాలు కదిలేవి. వచ్చేది కలెక్టరు గారైనా, తనిఖీ బృందమైనా, పక్క ఊరి ప్రిన్సిపాలైనా సరే, చెట్ల మొదళ్ళకి సున్నం, అరుగులకి ఎర్రరంగు, గేటుకి నలుపు, కుళాయి స్టాండుకి సిల్వర్. ఒకచోట నిలబడి ఉన్న ప్రతి వస్తువుకీ ఏదో ఒకటి పూసేవారు. (ఒకసారి మా కాలేజీలో ఎన్నాళ్ళుగానో పనిచెయ్యని జనరేటర్‌కి పచ్చరంగు వేస్తే, వచ్చినాయన దాన్ని తెగ మెచ్చుకుని పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్ళారు.) ఈ ఆచారం మీద నాకు అందరికంటే ఎక్కువ గౌరవం ఉండాలి, ఎందుకంటే ఆ రంగుల మీదే పుట్టి పెరిగినవాణ్ణి. విజయనగరంలో గంటస్తంభానికి కాస్త ఇవతల మా నాన్నగారికి రంగుల కొట్టు ఉంది. కానీ అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, చేతిలో ఎమ్మెస్సీ పట్టా. నా చూపు కొట్టు వైపు కాకుండా ఆకాశం వైపు ఉండేది.

ఆకాశమంటే నిజంగా ఆకాశమే. శ్రీకాకుళానికీ ఎచ్చెర్లకీ నడుమ ఎక్కడో ఒక కాలేజీలో (పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది) నేను ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని. మేడ మీద నడుమెత్తు సిమెంటు స్తంభం, దాని మీద ఒక యాంటెన్నా, దానికి ఎండా వానా తగలకుండా పెరుగు గిన్నె బోర్లించినట్టు ఒక ప్లాస్టిక్ టోపీ. అదే మా స్టేషన్. పైన తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను రాత్రింబవళ్ళు అందుకుంటూ, తాను భూమ్మీద సరిగ్గా ఎక్కడ ఉన్నదో మిల్లీమీటర్లతో సహా చెబుతూ ఉంటుంది. అలాంటివి దేశదేశాల్లో ఉన్నాయి, అన్నీ కలిసి ఒక పెద్ద వల, అందులో ఒక ముడి మాది. రోజూ పొద్దున్నే కంప్యూటర్‌లో మ్యాపు తెరిచి, మా చుక్క ఆకుపచ్చగా ఉందో లేదో చూసి, ఉంటే ఉందని రిజిస్టర్లో రాయడం నా ఉద్యోగం. నేను చేరిన ఏడాదిన్నరలో ఆ చుక్క ఒక్కనాడూ ఎర్రబడలేదు. కాకులు దాని మీద సభలు పెట్టుకున్నాయి, తుపాను గాలికి పక్కనున్న నీళ్ళ ట్యాంకు మూత ఎగిరిపోయింది, మా చుక్క మాత్రం పచ్చగానే ఉంది. ఇదంతా నాన్నగారికి అరగంట పాటు వివరిస్తే ఆయన ఓపిగ్గా విని, అది కదలకుండా ఉందని చూసినందుకు నీకు జీతమా అని అడిగారు. మన కొట్లో తూకంరాయి కూడా కదలదురా, వచ్చి దాన్ని చూసుకోమన్నారు.

అలాంటి సమయంలో మా కాలేజీకి అంతర్జాతీయ వర్క్‌షాప్ వచ్చిపడింది. ఈ స్టేషన్ల వల మీద పనిచేసే శాస్త్రవేత్తలు నాలుగైదు దేశాల నుంచి వస్తారట. ఆ వల వ్యవహారాలన్నీ చూసే పెద్దావిడ, చలిదేశపు మేడమ్ ఒకావిడ, ముఖ్య అతిథి. మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి మరీ చెప్పారు. హాల్లో పెద్ద తెర మీద మ్యాపు వేస్తారు, అందులో మన చుక్కని మేడమ్ గారికి చూపిస్తారు, ఆవిడకి నచ్చితే ప్రాజెక్టు పొడిగిస్తారు, ప్రాజెక్టుతో పాటు నేనూ పొడిగింపబడతాను. ఆ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతోంది. చుక్క పచ్చగా ఉంటే మరో ఏడాది ఆకాశం, లేకపోతే గంటస్తంభం దగ్గర తూకంరాయి. చివరగా హెడ్డుగారు, స్టేషన్ మెరిసిపోవాలి సుమా అని ఒక మాట అన్నారు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు.

మేడెక్కి చూస్తే నాకే సిగ్గేసింది. టోపీ ఎండకి పసుపుపచ్చగా మారిపోయింది, దాని మీద కాకుల సంతకాలు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే సరిపోయేది. కానీ రంగుల కొట్టు అబ్బాయికి గుడ్డ ఎందుకు తోస్తుంది? ఆ ఆదివారం ఇంటికి వెళ్ళి, వర్క్‌షాప్ సంగతి చెప్పి, నాన్నా సిల్వర్ కావాలి అన్నాను. నా ఉద్యోగానికి సంబంధించిన విషయంలో ఆయన ముఖం వెలగడం అదే మొదటిసారి. చేతికందే డబ్బా కాదని, స్టూలేసుకుని పై అరలోంచి మంచి కంపెనీది దించి, కండువాతో దుమ్ము తుడిచి, కొట్టు మెట్ల దాకా తనే మోసుకొచ్చి ఇచ్చారు. ఆ రోజు నేనూ వస్తాను, మన రంగు ఎలా ఉన్నాదో చూస్తాను అన్నారు. అక్కడంతా ఇంగ్లీషు నాన్నా, నీకు విసుగు అన్నాను. అసలు సంగతి వేరే. కాలేజీలో అందరికీ మా నాన్న బిజినెస్ అని చెప్పి ఊరుకున్నాను. బిజినెస్ అనే మాటలో ఏసీ గది, కారు లాంటివి వినేవాళ్ళే కలుపుకుంటారు. పంచె మీద మరకలతో మనిషి దిగితే అవన్నీ ఆవిరైపోతాయి.

వర్క్‌షాప్ ముందు రోజు మధ్యాహ్నం పెయింటర్‌కి డబ్బా ఇచ్చి, స్తంభానికీ టోపీకీ రెండేసి కోటింగులు దట్టంగా వెయ్యమన్నాను. అరసవల్లిలో షాపుల బోర్డులు రాసే మనిషి, అందరూ బ్రష్షు మావ అంటారు. టోపీకి కూడానా అని అడిగాడు పాపం. టోపీకే ముందు అన్నాను. సాయంత్రం వెళ్ళి చూస్తే పడమటి ఎండలో స్టేషన్ ధగధగా మెరుస్తోంది. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను. తర్వాత అరటిచెట్లు, ఫ్లెక్సీలు, అతిథుల లాడ్జి గదులు వీటిలో పడి మ్యాపు వంక చూడనేలేదు.

మర్నాడు పొద్దున్న జ్యోతి వెలిగించారు, ప్రార్థన పాడారు, హెడ్డుగారు తెర వైపు చెయ్యి చాపారు. దేశదేశాల చుక్కలన్నీ లేత వరిచేలలా పచ్చగా ఉన్నాయి. సరిగ్గా మేము కూర్చున్న చోట మాత్రం ఎర్రచుక్క. హాల్లో ఎవరో దగ్గారు. పరుగున మేడెక్కి కరెంటు చూశాను, కేబుల్ మార్చాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. ఆ హడావిడిలో కూడా టోపీ వంక చూసి, దీని అందానికేమీ లోటు లేదు కదా అని బాధపడ్డాను. నా తెలివి ఆ రోజు అంత దూరం వెళ్ళి ఆగిపోయింది.

కిందికి వచ్చేసరికి హెడ్డుగారు పరువు కాపాడే పనిలో ఉన్నారు. ఇది అయనావరణంలో ఏర్పడిన అలజడి అని ప్రకటించారు. (అయనావరణమంటే చాలా ఎత్తున ఉండే విద్యుత్ పొర. ఎవరి తప్పునైనా మోయగల విశాలమైన పొర అని గుర్తుపెట్టుకుంటే చాలు.) ఆయన ఏదో తప్పించుకోవడానికి అన్న మాటని పండితులు నిజంగానే పట్టుకున్నారు. ఒకాయన బోర్డు మీద గీతలు గీశాడు. ఇంకొకాయన అవి తప్పని పక్కనే వేరే గీతలు గీశాడు. దూరంగా ఉన్న స్టేషన్లన్నీ బాగుండి ఈ ఒక్కదాని నెత్తినే అలజడి ఎందుకు వచ్చింది అని ఎవరో అడిగితే, అదే కదా ఇందులో విశేషం అన్నారు హెడ్డుగారు. కారణం సూర్యుడే అని చివరికి తేలబోతుంటే, అరసవల్లి పొలిమేరలో కూర్చుని సూర్యనారాయణమూర్తి మీద నింద వెయ్యడం బాగుండదేమోనని మా లెక్చరర్ ఒకాయన మెల్లగా అభ్యంతరం చెప్పారు. మేడమ్ గారు మాత్రం ఆ ఎర్రచుక్కనే చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం మూడింటికి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మేడెక్కితే అక్కడ మా నాన్నగారు ఉన్నారు. పనిరోజున కొట్టు మూసుకుని, ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, బస్సెక్కి వచ్చేశారు. కింద హాల్లో ఏం జరుగుతోందో ఆయనకి అనవసరం, రంగు చూడ్డానికి తిన్నగా మేడ మీదికే వచ్చారు. నన్ను చూసి నవ్వలేదు.

"ఇదేటిరా, టోపీకి గూడా ఏసీసినారు? స్తంభానికనుకుని ఇచ్చినాను నేను."

మెరుస్తుందని నేనే వెయ్యమన్నానని చెప్పాను.

"ఇది పైనుంచి ఏటో అందుకుంటాదని సెప్పినావు గదా. సిల్వరంటే ఏటనుకున్నావు? అల్యూమినియం పొడి. రెండు కోటింగులంటే రేకు మూతేసినట్టే. మరి దీనికి ఏటందుతాది?"

రెండేళ్ళ ఎమ్మెస్సీ, మూడు నెలల శిక్షణ, ఆ మేడ మీద నిలువునా కూలిపోయాయి. లోహం అడ్డుంటే సంకేతం లోపలికి రాదని నేను పరీక్షలో ఒక పేజీ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. థిన్నర్ తెస్తానని పరిగెత్తబోయాను. థిన్నర్ ఒద్దు, ప్లాస్టిక్కుని తినేస్తాది, కిరసనాయిలు పట్రా బేగి, రంగింకా పచ్చి మీదే ఉన్నాది అన్నారు. క్యాంటీన్ నుంచి డబ్బా తెచ్చేసరికి ఆయన పంచె ఎగ్గట్టి, కండువాని రెండుగా చింపి సిద్ధంగా ఉన్నారు. ఇద్దరం చెరోవైపు నిలబడి తోమాం. గట్టిగా నొక్కొద్దు, గీతలు పడతాయి, గుండ్రంగా తుడువు అని మధ్యమధ్యలో చెబుతూనే ఉన్నారు. ఆ లాల్చీ తెల్లగా మిగలలేదు. ఉన్నట్టుండి, ఇది బాగవ్వకపోతే నీ ఉద్యోగం పోతాదేటి అని అడిగారు. పోవచ్చు నాన్నా అన్నాను. పోతే నేను కొట్టుకి వస్తాను, ఆయనకి కావలసింది అదే. ఆయన కొత్త గుడ్డముక్క ముంచి మరింత జోరుగా తుడవసాగారు.

కింది నుంచి చప్పట్లు వినిపించాయి. చుక్క పచ్చబడింది. తరవాత తెలిసింది, సరిగ్గా అప్పుడే హెడ్డుగారు అయనావరణం క్రమంగా కుదుటపడుతుందని చెబుతున్నారట. శాస్త్రం ఇంత వెంటనే రుజువు కావడం అక్కడెవరూ అంతకుముందు చూడలేదు. నేను ఊపిరి పీల్చుకునేలోగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేడమ్ గారు, వెనకాల హెడ్డుగారు. మోచేతుల దాకా వెండి పూసుకుని, కిరసనాయిలు కంపు కొడుతూ మేమిద్దరం. ఆవిడ మా నాన్నగారి వైపు చూసి, వీరెవరు అని ఇంగ్లీషులో నన్ను అడిగారు.

మా నాన్న అంటే, మీ నాన్న ఇక్కడెందుకున్నారు అంటారు. అక్కణ్ణుంచి సిల్వరు, అక్కణ్ణుంచి హాలంతా గీతలు గీసిన అయనావరణం, అక్కణ్ణుంచి నా కాంట్రాక్టు. ఇదంతా నేను నిలబడి ఆలోచించానని కాదు. నోరు దానంతటది తెరుచుకుంది.

"పెయింటర్" అన్నాను.

నాన్నగారు నా వైపు ఒక్కసారి చూశారు. తరవాత ఆ వెండిచేతులే జోడించి ఆవిడకి నమస్కారం పెట్టారు. ఆవిడ టోపీని గోటితో గీరి, వేలు వాసన చూసి, మా చేతులు చూసి, అంతా అర్థమైన మనిషిలా చిన్నగా నవ్వారు. హెడ్డుగారికి ఏమీ చెప్పలేదు. పరిశోధన వ్యాసాలు రాసే మనందరికంటే ఈ పెయింటర్‌కి ఎక్కువ తెలుసు అని మాత్రం అన్నారు. హెడ్డుగారు దాన్ని మర్యాదకన్న మాట అనుకుని తల ఊపారు. సాయంత్రం బస్టాండులో నాన్నగారు ఆ ఊసే ఎత్తలేదు, లాల్చీ మరకలకి అమ్మకి ఏం చెప్పాలో నన్ను అడిగి బస్సెక్కారు. ఆ బస్సు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. ఆ మరుసటేడు వర్క్‌షాప్ వ్యాసాల పుస్తకం అచ్చై వచ్చింది. అందులో మా జిల్లా నెత్తిన కొన్ని గంటలే నిలిచిన ఆ అపూర్వమైన అలజడి మీద ఒక వ్యాసం, రచయితల్లో మూడో పేరు నాది. చివర కృతజ్ఞతల్లో మేడమ్ గారు పట్టుబట్టి వేయించిన ఒక వాక్యం ఉంది, స్టేషన్‌ని సకాలంలో బాగుచేసిన స్థానిక పెయింటర్‌కి ధన్యవాదాలు అని. పుస్తకం పట్టుకెళ్ళి కొట్టు గల్లాపెట్టె మీద పెట్టాను. నాన్నగారు కళ్ళజోడు తగిలించుకుని, మన సంగతేటైనా రాసినారా అని అడిగారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి తెలుగులో చదివాను. విజయనగరం రంగుల వర్తకులు, ఈ రచయితగారి తండ్రి అని చదివాను. చాలా బాగా చదివాననే అనుకున్నాను.

ఆయన పుస్తకం తన వైపు తిప్పుకుని, నా వేలు పక్కకి జరిపి, ఆ ఇంగ్లీషు వాక్యాన్ని కాసేపు చూశారు.

"నాకు ఇంగ్లీషు రాదు గానీ, పెయింటన్న మాట సదవడం వస్తాది రా. ముప్పయ్యేళ్ళుగా పొద్దున లేస్తే డబ్బాల మీద అదే సూస్తన్నాను."

ఆయన పుస్తకం మూసి, పోన్లే, పెయింటర్లొస్తే మనం టీ ఇస్తాం గదా, నాకో టీ పట్రా అన్నారు. గ్లాసు పట్టుకుని నేనే వెళ్ళాను. ఇప్పుడు నా తలలోనూ అక్కడక్కడా వెండి రంగు పడింది, ఇప్పటికీ ఆ స్టేషన్ల పనే చేస్తున్నాను, సభల్లో ఎవరైనా మీ నాన్నగారేం చేసేవారని అడిగితే రంగుల కొట్టు అని అడగనివి కూడా కలిపి చెబుతాను. మెచ్చుకుంటారు. ఆ మేడ మీద ఒకే ఒక్క మాట సరిపోయేది, అది మాత్రం ఆ ఇరవై నాలుగేళ్ళ మేధావికి రాలేదు.