ముళ్లు విరవని జెల్ల

నిన్న నరసరావుపేట మార్కెట్లో చేపలమ్మే ఆవిడ జెల్ల చేపల ముళ్లు విరుస్తుంటే నాలో పాత కసి మళ్లీ రేగింది.

అరవైల్లో నాగులేటి ఒడ్డున గాలాలేసిన ఆడపిల్లలారా, గుర్తుందా? జెల్ల పడగానే మొప్పల పక్క ముళ్లూ, వీపు మీది ముల్లూ రాయితో విరగ్గొట్టాకే బుట్టలో వేసేవాళ్లం. గుచ్చుకుంటే మోచేతి దాకా సలుపుతుంది మరి.

మేం ముళ్లు తీసేస్తామని తెలిసే మోతుబరి గారి కొడుకు ధీమాగా మా బుట్టలో చెయ్యి పెట్టేవాడు. "ఏరు మా చేను పక్కనేగా పారేది" అంటూ పెద్ద చేప ఎత్తుకుపోయేవాడు. పులుసుకి చింతపండు నానబెట్టుకున్న మా అమ్మ నన్నే తిట్టేది.

ఒకరోజు నా స్నేహితురాలు మరియమ్మ, "ఏమే, ఇయ్యాల ముళ్లు ఇరవమాక" అంది. బతికున్న జెల్లను అలాగే బుట్టలో వేసి తడిగుడ్డ కప్పాం. వాడొచ్చాడు. చూడకుండా చెయ్యి దూర్చాడు. అవతలి ఒడ్డున గొర్రెలు బెదిరేలా అరిచాడు. ఆ కేక ఇప్పటికీ నా చెవులకు ఇంపే.

చెయ్యి పట్టుకుని ఇసుకలో దొర్లుతున్న వాడి ముందు మరియమ్మ బుట్ట పెట్టి, ఎంతో మర్యాదగా అంది:

"పెద్దది అదే బాబుగారూ. తీసకపోండి."