పసుపు జెండా, పరాయి ముడి

ఏడో తరగతి ఫెయిలై నేను బడి మానేసిన రోజు మా సారు సంతోషం పట్టలేక క్లాసు మొత్తానికి చాక్లెట్లు పంచాడు. అబద్ధమని కొట్టిపారేయకండి, నాకు రెండు ఇచ్చాడు.

ఆ బడిలో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, జెండా కట్టడం. గుడ్డను మడతపెట్టి, మధ్యలో బంతిపూల రేకులు పోసి, పైన జారుముడి వేయాలి. పెద్దమనిషి కింద నిలబడి తాడును ఒక్కసారి గుంజితే జెండా విచ్చుకుని పూలు ఆయన నెత్తిన రాలాలి. ముడి మొరాయించిందా, ఆయన పరువూ పోతుంది, కట్టినవాడి కొలువూ పోతుంది. పుప్పాలగూడ దాటాక, అద్దాల మేడల వెనక నక్కి ఉండే మా సర్కారు ఆఫీసులో నేను కరెంటు పని చూసే కాంట్రాక్టు మనిషిని. బల్బులు మార్చడానికి ఎవరైనా దొరుకుతారు. జెండా పండుగ వస్తే మాత్రం మా ఆఫీసు సారు నన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ పూట నేనే రాజును. అక్కడే ఊడ్చే పని చేసే నా భార్య కూడా ఆ ఒక్క పూట నన్ను "మీరు" అనేది.

అలాంటి నా రాజ్యంలోకి గోదావరి వైపు నుంచి ఒక ప్లంబరు దిగాడు. చందానగర్‌లో కిరాయికి ఉంటాడు. ఆదివారం చర్చికి తప్ప సెలవు అడగడు. నోరు తెరిస్తే "అండి". గేటు దగ్గర పడుకున్న కుక్కను కూడా "తప్పుకోండి" అంటాడు. వచ్చిన నెలకే క్యాంటీన్‌లో అతని గ్లాసులో చాయ్ నా గ్లాసులోకన్నా పైదాకా పోయడం ఈ కళ్లతో చూశాను. నా భార్య అయితే, "ఆయన మాట సూడు, పెరుగన్నం లెక్క సల్లగుంటది" అంది. ఆ రాత్రి మా ఇంట్లో పెరుగన్నమే. నేను తినలేదు.

పోయిన సెప్టెంబరు సంగతి. ఈ నేల దేశంలో కలిసిన రోజును కొందరు విమోచనం అంటారు, కొందరు విలీనం అంటారు. ఏ పేరు పెట్టినా మాకు జెండా పనే. ఈసారి హాల్లో పాత జెండాలు ప్రదర్శించాలని పైనుంచి మాట వచ్చింది. వాటిలో పెద్దది నిజాం కాలపు జెండా. పసుపుపచ్చ గుడ్డ, నడుమ రొట్టెలాంటి తెల్లని గుండ్రం. దాన్ని గుమ్మానికి ఎదురుగా ఎత్తున వేలాడదీయాలి. నేను నిచ్చెన భుజానేసుకుని సిద్ధంగా నిలబడ్డాను. సారు వచ్చి నా భుజం మీది నిచ్చెన తీయించి ప్లంబరుకు ఇప్పించారు.

"ఇది అతను కడతాడులే. నువ్వు లైట్లు చూడు."

నా నిచ్చెన అతని భుజమెక్కింది. పైగా అతను కట్టిన జెండా మీద వెలుగు పడేలా లైటు పెట్టవలసింది నేనే.

రెండో రోజుకే గేటు ముందు లొల్లి మొదలైంది. "రజాకార్ల చేతుల్ల దెబ్బలు తిన్నోళ్ల మనుమలం, సర్కారు గోడ మీద ఈ జెండ ఏంది?" అని ఒక గుంపు. "ఆ కాలంల కట్టిన దవాఖానల మందులు తీస్కుంటలేరా? చరిత్రను బీరువాల వెట్టి తాళమేస్తే పోతదా?" అని ఇంకో గుంపు. టీవీల మైకులు వచ్చాయి. జెండా ఎవరు కట్టారని అడిగితే ప్లంబరు చేతులు కట్టుకుని "నేనేనండి" అన్నాడు. సాయంత్రానికి టీవీలో అతని మొహం. సగం ఊరు అతన్ని తిట్టింది. ఆ తిట్లు కూడా నాకు దక్కాల్సినవే కదా అని నాకు నిద్రపట్టలేదు.

"ఆ జెండ దించాల్సిందే," అన్నాను ఇంట్లో. "మీ తాతను దొర గడీ ముందల ఎండల నిలవెట్టి కొట్టిన్రంటివి గద. నా రక్తం మరుగుతున్నది."

"పెండ్లయిన సంది మా తాత నీకు యాదికి రాలే. ఇయ్యాల్నే వచ్చిండా?" అంది నా భార్య. "ఉండనియ్యి, నలుగురు సూడనియ్యి. కాని దాని కింద ఎవలు ఎట్ల ఏడ్సిన్రో ఒక్క ముక్క రాయాలె. ఉత్త జెండ వెడితే అది మురిపెమే అయితది. నీ మంట జెండ మీద కాదు, ముడి మీద."

జెండా కింద రాయాలన్న మాట మీద నాకు పేచీ లేదు. ముడి మాటకు దుప్పటి కప్పుకున్నాను.

శనివారం నలుగురు కుర్రాళ్లు హాల్లోకి దూసుకొచ్చి, ఎగిరి జెండా అంచు పట్టుకుని వేలాడారు. అంచు చిరిగింది గానీ జెండా ఊడిరాలేదు. కాపలావాళ్లు వాళ్లను బయటికి నెట్టారు. మర్నాడే దాన్ని దించి, మేడ మీద అద్దాల పెట్టెలో, కింద చరిత్ర రాసి పెట్టాలని సారు నిర్ణయించారు. మర్నాడు ఆదివారం. ప్లంబరు చర్చిలో ఉంటాడు. ఫోను నాకు వచ్చింది.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. నా భార్యను కూడా బండెక్కించుకున్నాను, చూడాలి కదా. కెమెరాల ముందు నిచ్చెనెక్కి, నా ముడిని గుంజినట్టే తాడు కొసను ఒక్క గుంజు గుంజాను. బిగుసుకుంది. ఇంకోటి గుంజాను. ఇంకా బిగుసుకుంది. గుమ్మం బయట మూగినవాళ్లలో దించమన్నవాళ్లు "కావాలనే నానుస్తుండు" అని అరిచారు. వద్దన్నవాళ్లు "శభాష్ అన్నా" అని చప్పట్లు కొట్టారు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి నిచ్చెన మీది నుంచే ఫోను చేశాను. అవతల పాటలు వినిపిస్తున్నాయి.

"అన్నా, నీ ముడి ఎట్ల ఊడుతది?"

"అది పడవ ముడండి. లాగకండి, బిగుసుకుపోద్ది. తాడుని వెనక్కి తొయ్యండి, దానంతటదే జారుద్ది," అని గుసగుసగా చెప్పాడు.

తోశాను, జారింది. ఆ రాత్రి టీవీలో నేనూ కనిపించాను. వీపు మాత్రమే.

సోమవారం క్యాంటీన్‌లో అతని ఎదుట కూర్చున్నాను. నా భార్య పక్క బల్ల తుడుస్తోంది.

"నీ ముడికి దండం అన్నా," అన్నాను, ఆమెకు వినిపించేలా. "నా ముడి సూడు, ఒక్క గుంజుకు సంటి పోరడు గూడ ఇప్పుతడు."

అతను చాయ్ ఊదుకుని నెమ్మదిగా అన్నాడు:

"అందుకేనండి, సారు ఆ జెండా మీకివ్వలేదు. దాన్ని చాలామంది లాగుతారని ఆయనకి ముందే తెలుసండి."