దేవరాజు సారు కనుబొమ్మలు

ఆళ్లగడ్డ బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని, దేవరాజు సారు సోషల్ చెప్పేవాడు. మా ఇళ్లు పక్కపక్కనే. ఆయనది క్రైస్తవ కుటుంబం, శకునాలంటే నవ్వేవాడు. ఒకరోజు పిల్లి ఎదురొచ్చిందని నేను బడికి ఆలస్యంగా వస్తే, "దాని పని మీద అది పోతాంది కమలాక్షమ్మా. నీ పనికి నువ్వు రాకూడదా?" అని అందరి ముందూ ఆటపట్టించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈజిప్టు పాఠం వస్తే ఆయన పిల్లిని పట్టుకుని ఒక పట్టాన వదిలేవాడు కాదు. అక్కడ పిల్లిని దేవతగా కొలిచేవారట. ఇంటిపిల్లి చస్తే ఇంటిల్లిపాదీ కనుబొమ్మలు గొరిగించుకునేవారట. పిల్లలు పడి పడి నవ్వేవారు. మీసాలెందుకు సారూ, చీకట్లో కళ్లెందుకు మెరుస్తాయి సారూ అని ఒకటే ప్రశ్నలు. ఆయన భార్య కృపమ్మ ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లిని పెంచేది. దాన్ని చూసి చూసి అన్నిటికీ జవాబులు చెప్పేవాడు.

డెబ్బై ఎనిమిదిలో కృపమ్మకు కడుపునొప్పి ముదిరింది. ఆలస్యం చేయకుండా నంద్యాల తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. తొమ్మిది గంటల బస్సుకని గురవయ్య జట్కా కట్టాడు. తోడుగా నేనూ ఎక్కాను. వీధి మలుపు తిరగకముందే పిల్లి అడ్డంగా పరుగెత్తింది. గురవయ్య కళ్లేలు లాగాడు.

"అది మన పిల్లేనయ్యా. నా కోసం వచ్చినాది. పోనీండి," అంది కృపమ్మ.

సారు ఆమె ముఖం చూశాడు. ఎన్నడూ లేనిది ఆయనకు భయమేసింది. "ఒక్క నిమిషం ఆగుదాంలేప్పా," అన్నాడు. ఇంట్లోకి పోయి నీళ్లు తాగి కాసేపు కూర్చుని బయల్దేరమన్నది నేను. అదే చేశాం. మేం పోయేసరికి బస్సు వెళ్లిపోయింది. ఇంకో బస్సు గంటన్నరకు గానీ రాలేదు. అది శిరివెళ్ల చేరకముందే కృపమ్మ పోయింది.

సారు ఏడవలేదు. సమాధి చేసిన నాలుగో రోజు బడికొచ్చాడు. పాఠం చెప్పాడు, హాజరు వేశాడు, ఇంటికి పోయి పిల్లికి పాలు పోశాడు. నాకూ ఏమీ అనిపించేది కాదు. అన్నం తింటే తిన్నట్టే ఉండేది కాదు. ఈజిప్టు పాఠం ప్రతి ఏడూ వచ్చేది. కనుబొమ్మల సంగతి మాత్రం ఆయన మళ్లీ చెప్పలేదు.

ఎనభై ఐదులో ఆ పిల్లి ముసలిదై చచ్చిపోయింది. మర్నాడు సారు కనుబొమ్మలు లేకుండా బడికొచ్చాడు. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. హెడ్మాస్టరు విసుక్కున్నాడు.

"ఏంది సారూ ఇది? పిల్లి కోసమా?" అన్నాను.

"కృపమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదమ్మా. గుండు చేయించుకునే ఆచారమూ మా తట్టు లేదు. ఏదో ఒకటి చేయల్లని ఏడేండ్ల నుంచి అనుకుంటాండా. ఆ పొద్దు ఆమె మన పిల్లేనని చెప్తానే ఉన్నాది. నేనే ఆపించినా."

నీళ్లు తాగి పొమ్మన్నది నేను కదా సారూ, అనాలి. నోటిదాకా వచ్చింది. ఇంతలో బెల్లు కొట్టారు. ఆయన సుద్దముక్క తీసుకుని క్లాసుకు పోయాడు.