పెట్టె కంటికి బొట్టు

పక్షవాతం వచ్చి మా ఆయనకు కుడివైపు పడిపోయింది. ఎడంచెయ్యి మిగిలింది గానీ అదీ అంతంతమాత్రమే. మిరపతోటలో పదిమంది కూలీలను ఒక్క కేకతో నడిపించిన మనిషి. అలాంటి మనిషికి పొద్దుగూకితే "కాస్త లైటు వెయ్యండి" అని నన్నూ మా అత్తగారినీ అడగాల్సి రావడం చావుతో సమానమైపోయింది.

గుంటూరులో టీవీలు బాగుచేసే మా తమ్ముడు అది గమనించాడు. గోడకు ఓ పెట్టె బిగించి లైటునూ ఫ్యానునూ దానికి కలిపాడు. ఏ టీవీకైనా పనికొచ్చే రిమోటొకటి తెచ్చి, ఆ పెట్టె కూడా దాని మాటే వినేట్టు చేశాడు.

"బావా, బొటనవేలుంటే చాలు. ఇల్లంతా నీ చేతిలోనే!" అన్నాడు.

ఇక చూడాలి ఈయన సంబరం! ఎవరొచ్చినా పట్టపగలే లైటు వేసి చూపించేవారు. "కరెంటు బిల్లు మా అమ్మ కడుతుందా?" అని నేనంటే నవ్వి ఇంకోసారి వేసేవారు. ఆ నవ్వు చూసి నాకూ ఆశ పుట్టింది. ఎందుకు పుట్టిందో, పాడు ఆశ!

దసరా వచ్చింది. ఆ రోజు పనిముట్లన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాం. కత్తిపీట, పార, పురుగుమందు కొట్టే స్ప్రేయరు, ఏదీ వదలం. మా అత్తగారు గోడమీది పెట్టెను వదులుతుందా? రిమోటు ఒత్తితే అందుకోవడానికి దానికి నల్లటి గాజుకన్ను ఉంటుంది. టీవీకీ అలాంటిదే. "నా కొడుక్కి చెయ్యిచ్చిన దేవుడు" అనుకుంటూ రెండింటికీ సరిగ్గా ఆ కంటిమీదే పసుపు మెత్తి, రూపాయంత బొట్టు పెట్టింది.

మధ్యాహ్నం మోటారుకు కరెంటిచ్చే వేళకు నేను తోటకెళ్ళాను. సాయంత్రం ఆవిడ పేరంటానికి వెళ్ళింది. నేను తిరిగొచ్చేసరికి వీధంతా లైట్లున్నాయి, మా ఇల్లొక్కటే చీకటి.

"ఏవండీ, లైటు వేసుకోలేదేం?"

"ఈ చెయ్యి కూడా పోయిందే." ఏడుస్తున్నారు. "ఎంత ఒత్తినా లైటు రాలా, టీవీ రాలా. ఒత్తుతున్నానో లేదో నాకే తెలీట్లా."

రిమోటు లాక్కుని నేను ఒత్తాను. అయినా వెలగలేదు. టార్చి వేసి చూస్తే ఇంకేముంది, పెట్టె కంటినిండా కుంకుమ! కొంగుతో తుడిచి ఒత్తగానే లైటు వెలిగింది.

"అయ్యో రాత! మీ చేతికేం కాలేదండీ. అత్తయ్య పూజ చేసింది, అంతే!" అంటూ నవ్వబోయాను.

ఆయన నవ్వలేదు. రిమోటు చేతిలో పెడితే జారవిడిచారు.

"చెయ్యి పోయిన రోజు ఎట్లా ఉంటదో ఇవాళ తెలిసిపోయిందే. ఆ రిమోటు మళ్ళీ నాకొద్దు."

బతిమాలాను, తిట్టాను. తమ్ముడొచ్చి మొత్తుకున్నాడు. మా అత్తగారైతే బొట్టు పెట్టిన చేతిని గోడకేసి కొట్టుకుంది. ఎవరి మాటా వినలేదు. వాడక వాడక ఎండాకాలానికల్లా ఆ చెయ్యి నిజంగానే బిగుసుకుపోయింది.

ఆ తర్వాత తోటకెళ్ళేటప్పుడు పట్టపగలే లైటు వేసి వెళ్ళేదాన్ని. ఆర్పమని కూడా ఆయన అడగలేదు.