గడువు దాటిన మొదటి ఉతుకు

మా అక్క ఇరవై ఆరేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుంటోంది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కర్మాగారంలో ఆమె లెక్కలు రాస్తుంది. కళ్ళద్దాలు మందమయ్యాయి, జీతం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకున్నాక కూడా పెదవులు అంకెలు గొణుగుతూనే ఉంటాయి. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పోయిన ఏడాది పాత యంత్రం మూలనపడింది. కొత్తది కొంటే గిట్టుబాటవుతుందా అని యజమాని అడిగాడు. అక్క వారం రోజులు కూర్చుని లెక్క వేసింది. యంత్రం ఏటా అరుగుతుంది; ఆ తరుగుదలను ఖర్చుగా చూపితే లాభం మీద పన్ను తగ్గుతుంది. మామూలుగా దాన్ని పదేళ్ళకు పంచి చూపాలి. అలాగైతే నష్టమే. పదో ఏట మిగిలే పన్ను ఇవాళ్టి కరెంటు బిల్లు కట్టదు కదా! కానీ ఆ ఏడాది సర్కారు ఒక వెసులుబాటు ఇచ్చింది. సగం ధరను మొదటి ఏడాదే తరుగుదల కింద చూపుకోవచ్చు. మిగిలే పన్ను ముందే చేతికొస్తుంది కాబట్టి లెక్క బొటాబొటిగా గట్టెక్కింది. షరతు ఒక్కటే: ఏడాది ముగిసేలోగా యంత్రం పనిలోకి దిగాలి.

"గిట్టుబాటైతే ఎవర్నీ తియ్యనమ్మా. లేకపోతే మాత్రం పెద్దామెను పంపించెయ్యాల్సిందే. ఈ మాట బయట అనకు," అన్నాడు యజమాని. పెద్దామె అంటే అక్కడ అందరికన్నా పాత మనిషి. చేతులు వణుకుతున్నా ఇంకా తడి దుప్పట్లు మోస్తోంది.

యంత్రం గడువుకు పది రోజుల ముందే వచ్చింది. అయితే అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్త యంత్రం ఏదొచ్చినా మొదటి ఉతుకు పాత మనిషే వెయ్యాలి. పెద్దామెకేమో జ్వరం.

"సోమవారం వచ్చేస్తుందిలే," అన్నారు ఉతికేవాళ్ళు. సోమవారం రాలేదు. అక్క యజమాని దగ్గర నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు, "బిల్లు మీద తేదీ ఈ ఏడాదిదేగా, ఇంకేం కావాలి?" అన్నాడు.

"బిల్లు చాలదండీ, యంత్రం తిరగాలి."

"ఆవిడ వచ్చాక తిరుగుతుంది. రెండ్రోజులేగా!"

ఆఖరి రోజు మధ్యాహ్నం అక్క తనే మీట దగ్గరికి వెళ్ళింది. ఉతికేవాళ్ళు అడ్డం నిలబడ్డారు. "ఆవిడ లేకుండానా? మనసెలా ఒప్పిందక్కా నీకు?" అన్నారు. ఎందుకో చెబితే పెద్దామె సంగతి బయటపడుతుంది. అక్క వెనక్కి వచ్చి కూర్చుంది.

"ఇంకేదైనా సాకు చెప్పి నొక్కేసి ఉండాల్సింది కదే!" అని తరవాత నేను అరిచాను.

"ఓపిక లేకపోయిందే," అంది. అంతే. ఆ మాటకు నా కోపం కాస్తా నీరుగారిపోయింది.

కొత్త ఏడాది నాలుగో రోజున పెద్దామె వచ్చింది. అప్పటికే యజమాని లెక్క మళ్ళీ చూసుకున్నాడు, వెసులుబాటు చేజారిందని తెలిసి ఆమెను పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం రాయించి అక్క చేతికిచ్చాడు. ఇదేమీ తెలియని పెద్దామె మీట నొక్కింది. యంత్రం తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ అక్క దగ్గరికొచ్చింది.

"నా కోసం ఇన్నాళ్ళు ఆపారటగా! ఎవరు ఆపించారమ్మా? చెప్పు, వాళ్ళకి దండం పెట్టుకుంటాను."

అక్క ఉత్తరాన్ని వెనక్కి దాచుకుంది.

"అందరం," అంది.