మైకులో పిన్ని పేరు

ఇవాళ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఫోను తీశాను. మా సంఘం ఆడవాళ్ళ ప్రార్థన గ్రూపులో ఎవరో ఒక స్కానింగు రిపోర్టు ఫొటో పెట్టారు. పైన పేషెంటు పేరు, వయసు, కింద ఏ భాగంలో ఏముందో అంతా కనపడుతోంది. "అక్కలారా, భారంగా ప్రార్థించండి" అని ఒక ముక్క. పెట్టింది పేషెంటు కాదు, పేషెంటు తోడికోడలు. నేను చూసేసరికే దాని కింద ఆమేన్లు, జోడించిన చేతుల బొమ్మలు వరస కట్టేశాయి. అలవాటు కొద్దీ నా బొటనవేలు కూడా ఆమేన్ కొట్టబోయి ఆగిపోయింది. ఈ సంగతి ఇంతమందికి తెలిసిందని ఆ పిల్లకి తెలుసా? తెలిస్తే ఏం చేస్తుంది? పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. స్టవ్వు తుడుస్తున్నా గుండెల్లో దడ తగ్గలేదు. నాకీ దడ మా అత్తయ్య వల్ల వచ్చింది.

అత్తయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళి మూడేళ్ళు దాటింది. చదువు లేదు. నల్లరేగడి చేలల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి మా ఆయన్ని చదివించిన మనిషి. మోకాళ్ళు అరిగి కూలి మానేశాక ఆవిడకి మిగిలిన పని ప్రార్థనే. పొద్దున్నే ఐదింటికి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, కొంగు తలమీదకి లాక్కుని మొదలుపెట్టేది. మనసులో చేసుకునే ప్రార్థన మీద ఆవిడకి బొత్తిగా నమ్మకం లేదు. చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కేకేసి పిలిచే గొంతు అది, దేవుడితోనూ అదే గొంతు. వీధిలో ఎడమపక్క మొదటి ఇంటితో మొదలుపెట్టి ఇంటింటి దగ్గరా ఆగుతూ కుడిపక్క చివరి ఇంటిదాకా వచ్చేది. మూలింటివాళ్ళ గేదె చూడి నిలవాలి, కండక్టరుగారికి మొలల బాధ తగ్గాలి, ఎదురింటి అమ్మాయి లెక్కల్లో గట్టెక్కాలి. వీధిలో సగం మందికి పైగా హిందువులు, ఒకటి సాయిబుల ఇల్లు. ప్రార్థనలో ఆవిడకి ఆ తేడా ఉండేది కాదు. పెళ్ళయిన కొత్తల్లో నేను సిగ్గుతో దుప్పటి తలమీదకి లాక్కునేదాన్ని. కండక్టరుగారు మాత్రం ఏమీ అనుకోలేదు. పైగా ఒకరోజు గుమ్మం దగ్గర ఆగి, "ఏమ్మా, ఇవాళ మామ్మగారు నా సంగతి మర్చిపోయారేంటి?" అని అడిగారు. ఇలాంటి వీధిలో బతికిన మనిషికి, ఒకరి జబ్బు పైకి చెప్పడం తప్పని ఎలా తోస్తుంది?

మాకూ పక్కింటికీ మధ్య నడుం ఎత్తు గోడ ఉంది. ఆ ఇంటావిడ అత్తయ్య కంటే పన్నెండేళ్ళు చిన్న. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే ముఠాలో కూలికి వెళ్ళారు, ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. ఆ వరసన నాకు పిన్ని. శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టందే పిన్ని పొయ్యి వెలిగించదు. మా ఇంట్లో క్రిస్మస్ అరిసెలకి పాకం పట్టేది కూడా ఆవిడే, ఎందుకంటే అత్తయ్య పట్టిన పాకం ఎప్పుడూ ముదిరిపోయేది. దేవుడి గురించి వాళ్ళిద్దరూ వాదించుకోగా నేనెప్పుడూ వినలేదు. వాదులాటంతా అరిసె ఎంత మందం ఉండాలన్న దగ్గరే.

ఎనిమిదేళ్ళ క్రితం, మిరప కోతలు జోరుగా సాగుతున్నప్పుడు, ఒక బుధవారం సాయంత్రం పిన్ని గోడ దగ్గరికి వచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. రేగ్గాయంత గడ్డ. అత్తయ్య నన్ను కేకేసింది. నొప్పి లేదని పిన్ని ధైర్యంగా చెబుతుంటే, నొప్పి లేకపోవడానికే నాకు భయం వేసింది. సోమవారం బడికి సెలవు పెట్టి గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తానన్నాను. పిన్ని ఒప్పుకుంది. "కానీ ఎవరికీ తెలవకూడదు. మీ బాబాయికి కూడా. మా అమ్మకి ఇదే వస్తే గ్లాసు వేరు పెట్టారు, కంచం వేరు పెట్టారు. ఊళ్ళో తెలిసిందంటే చేలో నా పక్కన కూచుని అన్నం తినేవాళ్ళుండరే" అంది. ఇది అంటుకునే జబ్బు కాదు పిన్నీ అని నేను చెప్పబోయాను. "నీకు తెలుసులేవే, ఊరికి తెలవొద్దూ?" అంది. బైబిలు వద్దంటుందని మావాళ్ళు ఒట్లు పెట్టుకోరు. అత్తయ్య మాత్రం ఆ రోజు గోడ మీద చెయ్యేసి, "నా నోటెంట రాదు వదినా" అని ఒట్టే పెట్టింది.

మర్నాడంతా అత్తయ్యకి అన్నం సయించలేదు. కూర్చున్న చోట కూర్చోలేకపోయింది. శుక్రవారం ఉపవాస కూడికకి పొద్దున్నే వెళ్ళిపోయింది. మా చర్చి మీద పెద్ద హారన్లున్నాయి, లోపల ఎవరు గట్టిగా దగ్గినా ఊరి చివర చేలదాకా వినపడుతుంది. నేను బళ్ళో మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెబుతున్నాను. ప్రార్థన మనవులు చెప్పమని పాస్టరమ్మగారు మైకు చేతికిచ్చినట్టున్నారు. అత్తయ్య గొంతు ఊరంతా మోగింది. "తండ్రీ! మా పక్కింటి వదిన రొమ్ములో గడ్డని నీ చేత్తో ముట్టు తండ్రీ! సోమవారం డాక్టరమ్మ చూసేసరికి అది మాయమైపోవాల తండ్రీ! మొగుడికి కూడా చెప్పుకోలేక కుమిలిపోతంది తండ్రీ!" ఆ ఏడుపు నిజమైన ఏడుపు. దాని వెనక ఇరవై గొంతులు ఆమేన్ అన్నాయి. నేను ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయాను. "టీచర్, మీ అత్తమ్మగారు" అంది ముందు బెంచీలో పిల్ల. ఆ రోజు ముఠా కాయ కోస్తున్నది చర్చి వెనక చేలో. పిన్ని ఆ వరసలోనే వంగి కోస్తోంది.

సాయంత్రం నేను వచ్చేసరికి అత్తయ్య వాకిట్లో తేలికపడ్డ మొహంతో కూర్చుని ఉంది. "భారం దిగిపోయిందే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరంతా విన్నదని చెప్పాను. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. "నేనెవరికి చెప్పానే? దేవుడికే గదా చెప్పింది!" అంది. అప్పుడే బాబాయి గోడ అవతలికి వచ్చి నిలబడ్డాడు. టీ కొట్టు దగ్గర విన్నాడట. "నా పెళ్ళాం జబ్బు నాకు హారన్లో తెలవాలా అక్కా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు అర్థమైంది అత్తయ్యకి. మోకాళ్ళు పట్టుకుని లేచి పక్కింటికి వెళ్ళింది. తలుపు వేసి ఉంది. లోపలి నుంచి పిన్ని మాట నాకు కూడా వినపడింది. "నీ దేవుడికి చెవుడా వదినా? మైకు కావాల్సొచ్చిందా?"

సోమవారం నేను సెలవు పెట్టి, చీర మార్చుకుని, బ్యాగు పట్టుకుని పిన్ని గుమ్మం దగ్గరికి వెళితే, ఆవిడ కూలికి వెళ్ళిపోయిందని బాబాయి చెప్పాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బతిమాలితే, "తెలవకూడదనుకున్నది తెలిసిపోయింది, ఇంకెందుకు?" అంది నాతో. ముఠా మేస్త్రమ్మ చెప్పింది, మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆడవాళ్ళు మెల్లిగా తమ క్యారేజీలు అవతలికి జరుపుకున్నారట. నాకు రోజులు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. పిల్లల కాపీలు దిద్దుతున్నా, కూర తరుగుతున్నా, ఆ గడ్డ ఇప్పుడు ఎంతయిందోనన్న ఆలోచనే. ఆ మంటంతా అత్తయ్య మీద పోశాను. "పొరుగువాళ్ళని ప్రేమించడమంటే నోరు మూసుకోవడం కూడా అత్తయ్యా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. తర్వాతి ఆదివారం మైకులో క్షమాపణ చెబుతానని బయల్దేరింది. "దండం పెడతాను, మళ్ళీ ఆ మైకు ముట్టుకోకండి" అని చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ మర్నాటి నుంచి వాకిట్లో ప్రార్థన వినపడటం మానేసింది. కొంగు కప్పుకుని కూర్చునేది, పెదాలు కదిలేవి కావు. మామ్మకి ఒంట్లో బాగాలేదా అని వీధంతా అడిగారు.

ఆ గురువారం పొద్దున లేచి చూస్తే మంచం మీద అత్తయ్య లేదు. పాత మగ చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని, ముఠా ఆటో ఎక్కి మిరప కోతకి వెళ్ళిపోయిందట. డెబ్బై రెండేళ్ళ మనిషి! సాయంత్రం కళ్ళు ఎర్రగా, చేతులు మండుతూ వచ్చి మంచం మీద వాలిపోయింది. శుక్రవారం కూడా వెళ్ళింది. ఊహ తెలిశాక ఆవిడ ఉపవాస కూడిక మానడం అదే మొదటిసారట. శనివారం బడి లేదు, నొప్పి బిళ్ళలు తీసుకుని స్కూటీ మీద చేలోకి వెళ్ళాను. అన్నాల వేళ. ముఠా అంతా గట్టు మీద ఒక వరసలో కూర్చుంది. దూరంగా తుమ్మచెట్టు కింద పిన్ని ఒక్కతే, ఆవిడకి ఆనుకుని అత్తయ్య. అత్తయ్య అడగకుండానే పిన్ని డబ్బాలో చెయ్యి పెట్టి పప్పన్నం ముద్ద తీసుకుంది. పిన్ని తాగి పెట్టిన నీళ్ళ సీసా ఎత్తి, అందరూ చూస్తుండగా, కరుచుకుని తాగింది. పిన్ని ఆవిడ వైపు చూడకుండా, "ముసలిదానివి, ఎండకి చస్తావు. ఇంటికి పో" అంది. పదిహేను రోజుల తర్వాత అదే మొదటి మాట అనుకుంటాను. "నువ్వు డాక్టరమ్మ దగ్గరికి పద, నేనింటికి పోతా" అంది అత్తయ్య.

పిన్ని దానికి కూడా వెంటనే కరగలేదు. అత్తయ్య మళ్ళీ సోమవారం ఎక్కింది ఆటో, మంగళవారం ఎక్కింది. ఆవిడ కోసిన కాయ బుట్ట అడుగుకి కూడా రావడం లేదని మేస్త్రమ్మ గొణిగింది కానీ దించలేదు. మంగళవారమే వరసలోంచి ఒకావిడ లేచి వచ్చి తుమ్మచెట్టు కింద కూర్చుందట. బుధవారానికి ముగ్గురయ్యారు. ఆ రాత్రి పిన్ని గోడ మీద నుంచి నన్ను పిలిచి, "రేపు సెలవు దొరుకుద్దా?" అంది. అనుకున్న సోమవారానికి పదిహేడు రోజులు ఆలస్యంగా వెళ్ళాం గుంటూరు.

బ్రాడీపేటలో ఆ క్లినిక్కు ముందు గదిలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. లోపలి నుంచి పేరు పిలిచినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. అత్తయ్య బిగుసుకుని కూర్చుంది, కళ్ళు కూడా మూసుకోలేదు, ఏదైనా అంటే ఎవరైనా వింటారేమోనని భయం. పిన్ని ఆవిడని మోచేత్తో పొడిచింది. "ఏంటలా కూచున్నావు? నీ దేవుడికి చెప్పు. నాకు వినపడాల" అంది. తనే మళ్ళీ, "ఇక్కడ మైకు లేదులే" అంది. అత్తయ్య పిన్ని చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పుకుంది. పక్కనే ఉన్న నాకు ఒక్క మాట కూడా అందలేదు.

చేత్తో చూడగానే డాక్టరమ్మ మొహం మారింది. ఈ గడ్డ తెలిసి ఎన్నాళ్ళయింది, తెలిసిన రోజే ఎందుకు రాలేదు అని గట్టిగా అడిగారు. అత్తయ్య నోరు తెరిచింది. పిన్ని ఆవిడ మోకాలి మీద చెయ్యేసి అదిమింది. "కోతలండి. నేనే ఇయ్యాలా రేపా అని ఆగాను. మా వదిన మొదట్నుంచీ పోరతానే ఉందండి" అంది. డాక్టరమ్మ పిన్నిని చెడామడా తిట్టారు. పిన్ని ఆ తిట్లన్నీ తల వంచుకుని విన్నది. నేనేనాడూ మర్చిపోలేను ఆ చెయ్యిని. ప్రసంగాలు విని విని పొరుగువాళ్ళంటే మేము ప్రేమించాల్సినవాళ్ళనే అనుకున్నాను నేను, వాళ్ళు మమ్మల్ని ఇంతలా ప్రేమిస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

పరీక్షల్లో అది మంచి గడ్డ కాదని తేలింది. రొమ్ము తీసేశారు. చంకలో ఒక బిళ్ళకి కూడా పాకిందని చెప్పి మందులు ఎక్కించారు. పిన్నికి జుట్టంతా ఊడి, మళ్ళీ రింగులు తిరిగి వచ్చింది. ఏటా ఒకసారి వెళ్ళి చూపించుకోవాలి, నేనే తీసుకెళ్తాను. ఇప్పటిదాకా ఏమీ లేదనే చెబుతున్నారు. ఆ మాట వినేదాకా ముందు వారమంతా నాకు నిద్ర ఉండదు.

అత్తయ్య మాత్రం ఆ చంకలో బిళ్ళ దగ్గరే ఆగిపోయింది. పిన్ని పక్కన లేనప్పుడల్లా, "అదెప్పుడు పాకిందంటావే?" అని అడిగేది. నేను ఏదో ఒకటి చెప్పి మాట మార్చేదాన్ని. పోయే ముందు వారం, మంచం దిగలేని స్థితిలో, పిన్ని జావ కాచడానికి లోపలికి వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుంది. "ఆ పదిహేడు రోజుల్లోనేనా?" అంది. "కాదత్తయ్యా. అంతకుముందే పాకింది. నేను డాక్టరమ్మని అడిగాను" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, స్తోత్రం అనుకుంది.

నేను డాక్టరమ్మని అడగలేదు. ఏటా ఆవిడ ఎదుట కూర్చుంటాను, ఆ ప్రశ్న నోటిదాకా వస్తుంది, పిన్ని నా వైపు చూస్తుంది, మింగేస్తాను. ఎనిమిదేళ్ళు ఎలా గడిచాయో కూడా తెలియలేదు కానీ, ఆ పదిహేడు రోజులు మాత్రం నాకింకా గడవలేదు.