ఐదో మనిషికి గంజి

బెంగుళూరు రోడ్డు మీద సాతంరాయి దాటి షాద్‌నగర్ దిక్కు పోతుంటే రాళ్లబావి అనే చిన్న ఊరొచ్చేది. తొంభై ఎనిమిదిలో ఆ ఊరి ఠాణాకు ఎదురుగా శివమ్మ హోటల్ ఉండేది. హోటలంటే నాలుగు రేకులు, రెండు బల్లలు, ఒక పెద్ద పొయ్యి. భర్త ఈశ్వరయ్య మిరపకాయ బజ్జీలు వేసేవాడు, ఆమె అన్నం వండేది. లాకప్పులో ఉన్నవాళ్లకూ ఆ పొయ్యి మీది అన్నమే. పొద్దున్నే హెడ్ కానిస్టేబుల్ సోమయ్య రోడ్డవతల నిలబడి వేళ్లు చూపేవాడు. రెండు వేళ్లు చూపితే ఇద్దరికి, మూడైతే ముగ్గురికి.

శివమ్మకు ఒక నియమం ఉండేది. లోపలున్నవాళ్లు తిన్నారని తెలిసేదాకా తాను ముద్ద ముట్టేది కాదు. హిమాయత్ సాగర్ దగ్గర ఆమె పుట్టింట్లో తండ్రి తినబోయే ముందు గడప దగ్గర నిలబడి, "ఆకలైనోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని మూడుసార్లు పిలిచేవాడట. కరువు ఏడాదిలో కూడా మానలేదట. ఆ పిలుపే ఆమెకు పూజ. "దొంగోడైతేంది, దొరైతేంది, ఆకలి పెట్టినోడు ఒక్కడే" అనేది.

ఆ రోజుల్లో హోటల్లో ఒకటే ముచ్చట. సర్కారు భూములు కొలిపిస్తుందని. విమానాలు దిగేందుకని కొందరు, ఫ్యాక్టరీలకని కొందరు. పేపరు చదివి చెప్పే బాధ్యత శివరామకృష్ణది. గుంటూరు దిక్కు నుంచి వచ్చి దగ్గరి మందుల కంపెనీలో గుమాస్తాగా చేసేవాడు. ఆయనకు ఎదురు కూర్చునేది మూడెకరాల రైతు పెంటయ్య. చెరుకు గడను పళ్లతో చీల్చి తింటూ వినేవాడు.

"దేశం ముందుకు పోవాలంటే ఎవరో ఒకరు భూమి ఇవ్వాలి కదండీ" అన్నాడు శివరామకృష్ణ ఒకనాడు.

"ఇయ్యాలె సారూ, కాదంటలేను. గా ఎవరో ఒకరు ప్రతిసారి మేమే ఎందుకైతం? మీ ఇల్లు వనస్థలిపురంల ఉన్నది కద. జర ఆ ఇమానాలు మీ డాబా మీద దిగనియ్యుండ్రి."

అందరూ నవ్వారు. శివరామకృష్ణ కూడా నవ్వి, ప్రభుత్వానికి ఆ అధికారం చట్టం ఇచ్చిందన్నాడు.

"చట్టం ఇచ్చింది, మంచిదే. మేం అడిగే హక్కు ఎవరియ్యాలె? అది ఇచ్చేదాంక మేం నోరు మూసుకోవాల్నా?" అన్నాడు పెంటయ్య. ఈశ్వరయ్య ఇద్దరి మధ్యా బజ్జీల పళ్లెం పెట్టి, "ముందుగాల నోట్లె ఇది ఏసుకోండ్రి" అన్నాడు.

సర్వే జీపు వచ్చిన రోజు మాటలు రాళ్లయ్యాయి. కుర్రాళ్లు అడ్డం పడ్డారు, పోలీసులు లాఠీలు ఎత్తారు. గుంపులోంచి వచ్చిన ఒక రాయి సర్వేయర్ తల మీద పడింది. ఆయన గట్టు మీద కూలిపోతే, నెత్తురు కళ్లల్లోకి కారుతుంటే, పరుగున పోయి పట్టుకున్నది పెంటయ్యే. తన తువ్వాల ఆ తలకు బిగించి కట్టి జీపులో కూర్చోబెట్టాడు. ఆ తువ్వాలే అతని మెడకు చుట్టుకుంది. నెత్తుటి గుడ్డ ఎవరిదని ఎస్సై అడిగితే, "నాదే సారూ" అన్నాడు. దాచవలసిన సంగతని అతనికి తోచలేదు. ఆ మాట నోట్లో ఉండగానే లాఠీ పిడి మొహం మీద పడింది.

పెంటయ్యనూ ఇంకో నలుగురినీ ఠాణాకు పట్టుకుపోయారు. ఆ సాయంత్రం సోమయ్య ఐదు వేళ్లు చూపాడు. మర్నాడు నాలుగే చూపాడు.

శివమ్మ ఐదు పొట్లాలే కట్టింది. సోమయ్య ఒకటి తీసి వెనక్కిచ్చాడు.

"నాలుగే అక్కా."

"నిన్న ఐదుగురు ఉంటిరి కద. ఎవర్ని ఇడిసిండ్రు?"

"జర అడగకక్కా" అని అతను తల వంచుకుని పోయాడు.

సోమయ్య చెడ్డవాడు కాడు. తన చాయ్ సగం తాగి మిగతాది లాకప్పు ఊచల్లోంచి అందించడం శివమ్మ ఎన్నోసార్లు చూసింది. మూడో రోజు మధ్యాహ్నం అతనే వచ్చి, "ఒక గిన్నెల గంజి పొయ్యక్కా. అన్నం మంచిగ మెత్తగ పిసుకు" అన్నాడు.

"ఎవరికి జరమొచ్చింది?"

"జరం కాదు. పండ్లు లేవు."

శివమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మొన్న తీసుకుపోయిన వాళ్లలో పళ్లు లేని ముసలివాళ్లెవరూ లేరు. సోమయ్య గిన్నె పట్టుకుని ఠాణాలోకి పోలేదు. వెనక ఎప్పుడో మూతబడ్డ వడ్ల మిల్లు దిక్కు పోయాడు. ఆ మిల్లులోంచి రెండు రోజులుగా ట్రాన్సిస్టర్ పెద్దగా మోగుతోంది. పాటకూ పాటకూ మధ్య వినబడేది ఆమెకు అప్పటిదాకా అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. పొయ్యి ముందు కూర్చుని చెవులు మూసుకుంది. మూసుకున్నా వినబడింది.

ఐదో రోజు ఒక్కపూటకు సోమయ్యను షాద్‌నగర్ డ్యూటీకి పంపారు. గంజి శివమ్మే మిల్లుకు తీసుకుపోయింది. కాపలా కానిస్టేబుల్ తాళం తీసి, "జల్దీ రా" అని మొహం తిప్పుకున్నాడు.

పెంటయ్య నేల మీద ఉన్నాడు. కుడిచేతి వేళ్లు నాలుగూ వాచి తలో దిక్కుకు తిరిగి ఉన్నాయి. పైవరస పళ్లు లేవు. దవడ ఒక పక్కకు జారింది. అరికాళ్లు చితికి, గోడకు నెత్తురు అట్టలు కట్టి ఉంది. శివమ్మ ఏడవలేదు. తల ఒళ్లో పెట్టుకుని కొంగు తడిపి పెదాలు తుడిచింది. గంజి వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టింది. గుక్క గుక్కకూ నెత్తురు కలిసి బయటికొచ్చింది.

"పిలగాండ్ల పేర్లు అడుగుతుండ్రు" అన్నాడు ముద్దముద్దగా.

"చెప్పినవా?"

"చెప్తె వాండ్లు ఈడికొస్తరు. ఎంతమందికని గంజి పోస్తవు వదినా."

ఆమె బయటికి రాగానే ట్రాన్సిస్టర్ మళ్లీ మోగింది. ఇంకో వారం ఈ మనిషి బతకడని ఆమెకు తెలిసిపోయింది.

హోటల్‌కు తిరిగొచ్చి సంగతంతా శివరామకృష్ణకు చెప్పింది. ఆయన చాయ్ ముట్టలేదు. "ఇరవై నాలుగు గంటల్లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టాలండీ, ఒక్క నిమిషం కూడా దాటకూడదు. వాదన వేరు, మనిషిని మాయం చెయ్యడం వేరు. ఆయనతో నా వాదన ఇంకా అవ్వలేదు" అని లేచాడు. పెంటయ్య భార్య అమృతమ్మను వెంటబెట్టుకుని ఆ బస్సుకే పట్నం పోయాడు.

నాలుగు రోజులకు, అమృతమ్మ అర్జీ మీద ఠాణా వెతికి రమ్మని హైకోర్టు పంపిన కమిషనర్‌గా వేదవతి అనే వకీలు వచ్చింది. అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఎస్సై ఎంతో మర్యాదగా రిజిస్టరు చూపించాడు. మేజిస్ట్రేటు పోలీసు కస్టడీకి ఇచ్చిన నలుగురి పేర్లు, నలుగురు మనుషులు. పెంటయ్యను పట్టుకొచ్చిన సాయంత్రమే వదిలేశామన్నాడు. చాయ్ పురమాయించాడు. శివమ్మ కప్పులు పట్టుకుని హోటల్లోంచి బయల్దేరుతుంటే ఈశ్వరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వాండ్ల తోటే మన బతుకు శివమ్మా. చాయ్ ఇచ్చి ఒచ్చెయ్యి."

వేదవతి కప్పు అందుకుంటూ అడిగింది. "ఇక్కడి వాళ్లకు అన్నం మీరే పంపుతారటగా అమ్మా. ఎంతమందికి పంపుతున్నారు?"

ఎస్సై ఆమెనే చూస్తున్నాడు.  శివమ్మ లోపల దేవుణ్ని తలుచుకుంది.

"నలుగురికి అన్నం మేడం. ఇగ ఐదో మనిషికి గంజి. టైమైంది, పోసొస్త. రాండ్రి."

హోటల్‌కు పోయి గిన్నె తీసుకుంది. ఎండలో మిల్లు దిక్కు నడిచింది. వెనక వేదవతి, ఆమె వెనక ఎస్సై. "అది ప్రైవేటు జాగా మేడం, తాళాలు మా దగ్గర లేవు" అంటున్నాడు. మిల్లు తలుపు దగ్గర సోమయ్య నిలబడి ఉన్నాడు. తాళంచెవి అతని పిడికిట్లోనే ఉంది.

"తియ్యి తమ్మీ. గంజి సల్లారుతది" అంది శివమ్మ.

సోమయ్య ఎస్సైని చూశాడు, గిన్నెను చూశాడు. తాళం తీశాడు. లోపలికి ఒక అడుగు వేసిన వేదవతి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

పెంటయ్యను పట్నం దవాఖానకు చేర్చారు. మూడు వేళ్లు పోయాయి గానీ ప్రాణం నిలబడింది. ఆ లెక్క శివమ్మ మీద తీర్చుకున్నారు. మూడో రోజు పట్టపగలే జీపు హోటల్ ముందు ఆగింది. రేకులు పీకి పారేశారు, బల్లలు విరగ్గొట్టారు. కాగే నూనె బాండీని ఒకడు తంతే ఈశ్వరయ్య పాదాలు రెండూ ఉడికిపోయాయి. ఆయన కేకలు పెడుతూ మట్టిలో దొర్లాడు. ఎస్సై జీపు దిగకుండానే, "తాళం తీసింది నువ్వే కద సోమయ్యా. నువ్వే కొట్టు" అన్నాడు.

మొదటి దెబ్బ శివమ్మ భుజం మీద పడింది. రెండోది ఆమె తల కాచుకుంటూ ఎత్తిన చేతి మీద. ఎముక విరిగిన చప్పుడు రోడ్డవతలికి వినబడింది. ఇంకా రెండు దెబ్బలు పడ్డాయి. సోమయ్య కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

ఆ రేకుల కిందే కాపురమున్న ఆ దంపతులకు పెళ్లినాడు కట్టిన చీర తప్ప ఏమీ మిగల్లేదు. షాద్‌నగర్‌లో ఒక ముస్లిం కుటుంబం కిరాయి అడక్కుండా గది ఇచ్చింది. ఆ ఇంటి పెద్దామె రెండు నెలలు శివమ్మకు తల దువ్వింది.

తర్వాత పట్నం నుంచి విచారణ అధికారి వచ్చాడు. తలకు కుట్లు పడ్డ సర్వేయర్ ముందే వచ్చి, తువ్వాల కట్టి తనను కాపాడింది పెంటయ్యేనని చెప్పి పోయాడు. శివమ్మ వంతు వచ్చింది. చెయ్యి కట్టులోనే ఉంది. చదివి వినిపించడానికి శివరామకృష్ణ పక్కన కూర్చున్నాడు.

"నిన్ను కొట్టిందెవరు?"

గుమ్మం బయట సోమయ్య నిలబడి ఉన్నాడు. శివమ్మ అతన్ని చూసి చెప్పింది. "సోమయ్య కొట్టిండు. కొట్టుకుంట ఏడ్చిండు. రెండూ రాసుకోండ్రి."

అధికారి రాశాడు. శివరామకృష్ణ చదివాడు. మొదటిదే ఉంది.

"ఏడుపుతో విచారణకు పని లేదమ్మా."

"నాకున్నది సారూ. కొట్టిండని ఒక్కటే రాస్తె, ఆయన మనసుల పుట్టి కొట్టినట్టయితది. మీ కాయితంల సగమే ఉంటె నా ఏలిముద్ర గూడ సగమే పడతది."

శివరామకృష్ణ నవ్వు ఆపుకోలేకపోయాడు. అధికారి విసుక్కున్నాడు, మూసిన కలం మళ్లీ తెరిచి రెండో మాటా రాశాడు. అప్పుడు గుమ్మం అవతల నుంచి సోమయ్య గొంతు వినబడింది.

"ఎవరు కొట్టుమన్నరో గూడ రాసుకోండ్రి సారూ. మిల్లుల ఎవరు ఏం చేసిండ్రో అది గూడ. నేను చెప్త."

అధికారి తలెత్తి లోపలికి రమ్మన్నాడు. గదిలో ఇంకో కుర్చీ లేదు. శివమ్మ విరిగిన చేతిని ఒళ్లోకి తీసుకుని, తాను కూర్చున్న బల్ల మీద జరిగి అతనికి చోటిచ్చింది.